కొండాపూర్‌లో ఏడు రోజులు: నిద్ర, తిండి, నడక

హైదరాబాదు పోయి వచ్చానంటే మా ఎర్రగుంట్లలో ఎవరైనా మొదట అడిగేది చార్మినార్ గురించి, తర్వాత బిర్యానీ గురించి. ఈసారి ఆ రెండింటి దగ్గరికీ పోలేదు. ఉన్నన్నాళ్లూ నగరానికి పడమటి కొసన, బండలు పగలగొట్టి గాజు మేడలు కడుతున్న చోటే ఉన్నాను. మేడల గురించి కూడా రాస్తాను గానీ, నేను పోయింది ఒక మనిషిని చూడడానికి.

అతని పేరు సుధాకర్. అనంతపురంలో ఇంజనీరింగు చదివేటప్పుడు నాలుగేళ్లు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు హైటెక్ సిటీలో ప్రోగ్రామరు. భార్య సునంద తాడిపత్రిలో టీచరు. వేసవి సెలవుల్లో ఆమె కూడా హైదరాబాదు చేరాలన్నది వాళ్ల ఏర్పాటు. 1999 ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె మా ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన జాబు రాసినాడు. నువ్వు రావద్దు, నన్ను నమ్ముకోవద్దు అని. ఒకసారి పోయి చూసి రా అన్నా. నాకు బాధ కలుగుతాదని దాయొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

చెబుతానని మాటిచ్చాను. వారం సెలవు పెట్టాను. సంచిలో వేసుకున్నవి: మూడు జతల బట్టలు, వేరుశనగ చిక్కీలు, ఒక పొడుగాటి నోటు పుస్తకం, స్కేలు, రెండు పెన్నులు. సిమెంటు ఫ్యాక్టరీలో వేడినీ ఒత్తిడినీ చూపించే మీటర్లను సరిచూడడం నా ఉద్యోగం. స్కేలు లేకుండా ఊరు కదలడం నాకు చేతకాదు.

కాచిగూడ నుంచి మాదాపూర్

రైలు పొద్దున్నే కాచిగూడ చేర్చింది. స్టేషను ఎదుట ఇరానీ హోటల్లో టీ మూడు రూపాయలు. మా ఊళ్లో రూపాయిన్నర. అయితే ఇక్కడి టీ పాలల్లో మరిగి, చిక్కగా, ఇంచుమించు పాయసంలా ఉంటుంది. దానితో ఇచ్చే బిస్కెట్టు తీపో ఉప్పో తేల్చుకోలేక ఇంకోటి తిన్నాను. తేలలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "జర టీల ముంచి తిను, అప్పుడు ఎరుకైతది" అన్నాడు. ముంచాను, సగం విరిగి గ్లాసు అడుగుకు పోయింది. ఆయన తన చెంచా ఇచ్చాడు.

రెండు బస్సులు మారాక చివరి మజిలీకి సెవెన్ సీటర్ ఆటో. పేరుకు ఏడుగురు, లెక్కపెడితే మేం పన్నెండు మందిమి. నా పక్కన ఒకేరంగు చీరలు కట్టుకున్న ఆడవాళ్లు ముగ్గురు, మేడల్లో ఊడ్చి తుడిచే పనికి పోతున్నారు. నల్గొండ జిల్లా నుంచి వచ్చారట. లోపల ఎలా ఉంటుందని అడిగాను. ఒకామె నవ్వి, చలి పెడతదని, పనిచేసేటోళ్లు పగలు కూడా స్వెటర్లు తొడుక్కుంటరని, కిటికీ తెరవడానికి ఉండదని చెప్పింది.

మాదాపూర్ దాటగానే రోడ్డుకు ఇరువైపులా ఏనుగులంత బండలు, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు. వాటి మధ్యలోంచి గుండ్రటి గాజు భవనం. దాని నీడలో బర్రెలు. ఆ బర్రెలను దాటుకుని మెడలో కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్లు పోతుంటారు. మా ఫ్యాక్టరీలో గేటు దాటిన వెంటనే కార్డు జేబులో పెట్టేస్తాం. ఇక్కడ టీ బంకు దగ్గర కూడా తియ్యరు.

కాగితాలు అంటించిన కిటికీ

సుధాకర్ గది కొండాపూర్‌లో, ఒక ఇంటి మేడమీద. కిరాయి పన్నెండు వందలు. తలుపు తీసినవాడిని మొదట పోల్చుకోలేకపోయాను. మనిషి సన్నబడ్డాడు. అంతకంటే, ముఖంలో ఏదీ కదలడం లేదు. "వచ్చినావా" అన్నాడు. నాలుగేళ్లు కలిసి బతికినవాళ్లం, రెండేళ్ల తర్వాత చూస్తే అంతేనా అని మనసులో అనుకున్నాను.

పగలు పది గంటలైనా గది చీకటి. కిటికీ అద్దాలకు పాత దినపత్రికలు అంటించి ఉన్నాయి. కారణం వాడి పని వేళలు. అమెరికా కంపెనీల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారు. రెండు వేల సంవత్సరం వస్తే ఆ యంత్రాలు పందొమ్మిది వందలనుకుంటాయి. లక్షల వరసల్లో వెతికి ఆ రెండంకెల్ని నాలుగు చెయ్యాలి. అమెరికావాళ్ల పగలు మనకు రాత్రి గనుక పొద్దుగూకాక ఆఫీసు వ్యాను వస్తుంది, తెల్లవారాక దించిపోతుంది. పది నెలలుగా ఇంతే.

పడుకుంటాడు గానీ నిద్ర రాదు. వీధి చివర కొత్త భవనం కోసం బండలు పేలుస్తున్నారు. పదకొండింటికి ఒకడు ఎర్రజెండా పట్టుకుని ఈల వేస్తాడు, రెండు నిమిషాలకు భూమి అదురుతుంది, కిటికీ కాగితాలు గలగలమంటాయి. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ. నేను మంచం మీదనుంచి లేచి నిలబడ్డాను. సుధాకర్ కళ్లు కూడా తెరవలేదు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి, "ఈల ఏసినప్పుడే మేలుకుంటా రా. పేలే దాకా ఎదురుచూస్తాంటా" అన్నాడు.

నా పట్టిక

ఆ సాయంత్రం వాడు వ్యానెక్కి పోయాక నోటు పుస్తకం తీశాను. నాకు విషయం స్పష్టంగా కనబడింది. ఎండ లేదు, నిద్ర లేదు, నడక లేదు, మాట్లాడే మనిషి లేడు. ఒంటికి ఇన్ని తక్కువైతే మనసు మాత్రం ఎట్లా నిలబడుతుంది? యంత్రం సరిగా పనిచేయనప్పుడు మా దగ్గర ఒక పద్ధతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక కొలవాలి, రాసుకోవాలి. స్కేలుతో గీతలు గీశాను. నిలువు గడులు: నిద్ర గంటలు, తిన్నది, నడిచిన దూరం, ఎండలో ఉన్న నిమిషాలు, ఆకలి, మనసు. చివరి దానికి ఒకటి నుంచి పది వరకు అంకె.

పొద్దున చూపిస్తే సుధాకర్ చాలాసేపు చూశాడు. "బాగా గీసినావు" అన్నాడు. నేను దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాను.

శుక్రవారం కిటికీ కాగితాల్లో సగం చించాను. శనివారం వాడికి సెలవు, పొద్దున్నే వీధి చివరి దాకా నడిపించాను. అక్కడ కడుతున్న ఇంటికి కాపలా ఉండే యాదయ్య పరిచయమయ్యాడు. మహబూబ్‌నగర్ జిల్లా మనిషి. భార్య బాలమణి కూలిపనికి పోతుంది. సిమెంటు బస్తాల గోడ మధ్య వాళ్ల కాపురం. నేను సిమెంటు ఫ్యాక్టరీ మనిషినని తెలిసి యాదయ్య ఒక బస్తా చూపించి, "ఇది మీదేనా? గడ్డగట్టింది సూడు" అని నిలదీశాడు. మాది కాదు. అయినా తలదించుకున్నాను. బాలమణి రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. మా వైపు రొట్టె పల్చన, దాన్లోకి వేరుశనగ చట్నీ. ఇక్కడిది మందం, దాన్లోకి వెల్లుల్లి కారం. ఒకటి చేతిలో పెట్టింది. సుధాకర్‌కూ ఇచ్చింది. వాడు తుంచి, తుంచి, చేతిలోనే ఉంచుకున్నాడు.

ఖాజాగూడ బండలు

ఆదివారం ఖాజాగూడ పోయాం. ఆటో దిగి కొంత దూరం నడిస్తే చెరువు, పైన బండలు. కొన్ని బండల నడుమ మనిషి దూరేంత సందులు, లోపల చల్లగా ఉంటుంది. సుధాకర్ ఒక నీడ చూసుకుని కళ్లు మూసుకుని పడుకున్నాడు. వాడి కాళ్లు ఎండలో ఉండేటట్టు జరిపి, టైము రాసుకుని, నేను చుట్టూ తిరగడానికి పోయాను.

కొంచెం కింద ఒక ముసలామె కూర్చుని సుత్తెతో కంకర కొడుతోంది. తట్టకు ఎంతిస్తారని, ఎన్ని గంటలు కొడతారని, రాత్రి నిద్ర ఎట్లా పడుతుందని అడిగాను. ఆమె అన్నిటికీ ఓపికగా చెప్పింది. నిద్ర సంగతి అడిగేసరికి సుత్తె ఆపి నన్ను చూసింది. దేనికి అడుగుతున్నావంది. మా స్నేహితుడికి మనసు బాగాలేదని, కూర్చుని చేసే పనివల్ల వచ్చిందని, మీలాగా ఎండలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు రాదు కదా అని అన్నాను.

"ఎవరు జెప్పిండ్రు నీకు రాదని?" అంది. "మా ఇంటాయన ఇరవై ఏండ్లు రాయి గొట్టిండు. ఒకనాడు సుత్తె కింద పెట్టిండు, ఇగ పట్టలే. అన్నం లేదు, మాట లేదు. గోడదిక్కు తిరిగి పండుడే. గాలి సోకిందన్నరు, తాయత్తు గట్టినం. లాస్టుకు దవాఖానకు తోల్కపోయినం, గోలీలు ఇచ్చిండ్రు."

గోలీలతో తగ్గిందా అని అడిగాను.

"జల్ది తగ్గుతదా బిడ్డా? గోలీలు మింగుకుంటనే ఉన్నడు. నేను రోజు పొద్దుగాల పనికాడికి తోల్కొచ్చి గీడ పక్కకు కూసోబెట్టుకుంటి. కొట్టుమని ఒక్కనాడు అనలే."

నా దగ్గర ఇంకా ప్రశ్నలున్నాయి గానీ ఆమె సుత్తె మళ్లీ మొదలైంది. ఆ రోజు పుస్తకంలో ఆమె మాటల్ని ఏ గడిలో రాయాలో తెలియక మార్జిన్‌లో రాశాను. నా లెక్క ప్రకారం ఆ మనిషికి జబ్బు రాకూడదు. ఎండ ఉంది, కష్టం ఉంది, పక్కన మనుషులున్నారు. అయినా వచ్చింది. మీటరు తప్పు చూపిస్తే మీటరును అనుమానించవచ్చు. ఇక్కడ తప్పు నా లెక్కలో ఉంది.

డబ్బా

సోమవారం పొద్దున పట్టిక ముందేసుకున్నాను. శనివారం నుంచి వాడే నింపుతున్నాడు. నిద్ర ఆరు, ఆరున్నర, ఏడు. తిన్నది: మెస్ భోజనం, పూర్తిగా. ఆకలి: బాగుంది, బాగుంది, బాగుంది. మనసు: ఐదు, ఆరు, ఏడు. చాలా సంతోషించాను. చిక్కీ ఒకటి తిన్నాను కూడా. తర్వాత ఎందుకో మళ్లీ చూశాను. మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు మేం చెప్పే మొదటి మాట: కొలిమి వేడి పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది, ఊగని ముల్లు కనబడితే మీటరు చచ్చిందని అర్థం. ఇంత నున్నగా పెరిగే అంకెలు బతికున్న దేన్నీ కొలవడం లేదు.

కిందికి దిగి వీధి చివరికి పోయాను. యాదయ్య పళ్లు తోముకుంటున్నాడు. సారు సరిగా తింటున్నాడా అని మామూలుగా అడిగినట్టు అడిగాను. అతను వేపపుల్ల తీసి ఉమ్మి, ఇబ్బందిగా నవ్వాడు.

"మీకు జెప్పలేదా సారు? మెస్ నుంచి డబ్బా వస్తది గద, మొత్తం మాకే ఇస్తడు. రెండు నెలలాయె. వద్దంటే ఇనడు. మొన్నటి సంది గోడ అవుతల నుంచి ఇస్తుండు, మీరు సూడకుంట. మాకు మంచిగనే ఉంది గని, మా బాలమణికి పరేషాన్ అయితుంది. గట్ల తినకుంటే మనిషేమైతడు అని."

మెట్లెక్కేటప్పుడు నాకు కోపం వచ్చింది. పుస్తకం వాడి ముందు పడేసి, ఇవి ఎందుకు రాసినావని అడిగాను. సుధాకర్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రాత్రి పని చేసి వచ్చిన ఒళ్లు, చొక్కా కూడా విప్పలేదు.

"పొద్దున లేస్తానే నువ్వు అంకె అడుగుతావు. రెండు అని ఎట్ల రాసేది? నువ్వు సెలవు పెట్టుకుని వచ్చినావు" అన్నాడు. చొక్కా గుండీ విప్పుతూ, "ఆఫీసులో ఇట్లాంటిది ఒకటి ఉండాది. ఈడ ఇంకోటి. రెండిట్లోనూ నేను ఫెయిలే రా శీనా" అన్నాడు.

కూర్చున్నాను. వాడి పక్కనే, మంచం మీద, చాలాసేపు. పదకొండింటికి ఈల వేశారు. ఇద్దరం ఎదురుచూశాం. పేలింది. ఆ తర్వాత వాడే మాట్లాడాడు.

"ఆ ముసలామె మొగుడు మళ్ల పనికి పోయినాడా?"

నిద్రపోతున్నాడనుకున్నవాడు అంతా విన్నాడు. నేను ఆ మాట ఆమెను అడగలేదు. తెలియదని చెప్పాను. గోలీలు ఇచ్చే డాక్టరు దగ్గరికి పోదాం రా అన్నాను. ఎర్రగడ్డకా అన్నాడు. హైదరాబాదులో ఆ పేటలో మానసిక వైద్యశాల ఉంది. ఎవరినైనా ఎగతాళి చేయాలంటే ఆ పేరు చాలు. వాడి ఆఫీసులో కూడా ఆ మాట రోజుకు పదిసార్లు దొర్లుతుందట, నవ్వులాటకు. ఎర్రగడ్డకు కాదు, అమీర్‌పేటలో మామూలు క్లినిక్ అన్నాను. అసలు అలాంటిది ఉందో లేదో నాకప్పటికి తెలియదు. మధ్యాహ్నం మందుల షాపుల్లో విచారిస్తే మూడో షాపులో చెప్పారు.

అమీర్‌పేట

మంగళవారం పోయాం. క్లినిక్ ఒక చీరల కొట్టు పైన. వరండాలో బెంచీలు. నేను అనుకున్నట్టు కాదు, అక్కడ ఎవరూ అరవడం లేదు, పిచ్చిచూపులు లేవు. ఒక బ్యాంకు ఉద్యోగి, పెళ్లైన కొత్తలో ఉన్నట్టున్న ఒకమ్మాయి, వాళ్లమ్మ, తలపాగా చుట్టుకున్న రైతు ఒకరు. అందరూ మామూలు ఆసుపత్రిలో జ్వరానికి వచ్చినట్టే కూర్చున్నారు. బ్యాంకాయన తన నంబరు ముందున్నా మాకిచ్చాడు. తనకు అలవాటైపోయిందని, మొదటిసారి కూర్చోవడమే కష్టమని అన్నాడు.

డాక్టరుగారు యాభై ఏళ్ల ఆవిడ, రాజమండ్రి వైపు మాట. సుధాకర్ నన్ను కూడా లోపలికి రమ్మన్నాడు. నేను పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాను. శ్రద్ధగానే చూశారు. నిద్ర, ఎండ, తిండి, నడక, ఇవన్నీ నిజంగానే ముఖ్యమండి అన్నారు. రాత్రిని పగలు చేస్తే ఒంట్లో గడియారం తప్పుతుందని, ఒళ్లు తప్పితే మనసు, మనసు తప్పితే ఒళ్లు, ఇది రెండువైపులా తిరిగే చక్రమని చెప్పారు. రక్త పరీక్షలు రాశారు, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే కనిపించవచ్చట. ఆపైన పుస్తకం మూసి నా వైపు జరిపారు.

"ఈ జబ్బులో మొదట పోయేది నడవాలనే కోరికేనండి. నడిస్తే బాగుంటుందని ఆయనకు తెలియదా? కాలు విరిగినవాణ్ణి పరిగెత్తించి, కాలు బాగవలేదేమని రాసుకుంటే ఎలా?"

అని, సుధాకర్ వైపు తిరిగి, గొంతు ఏమాత్రం మార్చకుండా, "చచ్చిపోవాలనిపిస్తోందా బాబూ?" అని అడిగారు.

అట్లా అడగవచ్చా? అడిగితే లేని ఆలోచన కూడా వస్తుందేమో? సుధాకర్ తల ఎత్తాడు. నేను వచ్చాక మొట్టమొదటిసారి వాడి ముఖంలో ఏదో కదిలింది.

"రెండుసార్లు అనిపించింది మేడమ్" అన్నాడు.

ఐదు రోజులు వాడి పక్కనే ఉన్నాను. పట్టికలో ముప్పై గడులు గీశాను. ఆ ప్రశ్నకు గడి లేదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, అడగనందువల్లే మనిషి దానితో ఒంటరిగా ఉంటాడని ఆవిడ తర్వాత నాకు చెప్పారు. వాణ్ణి ఇంకా చాలా అడిగారు, ఎప్పుడు, ఎక్కడ, ఇప్పుడెలా ఉందని. వాడు ఒక్కొక్కటే చెప్పాడు. ఏడ్చాడు. ఆవిడ తొందరపెట్టలేదు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. రాత్రి పని మానాలని ఆఫీసుకు ఉత్తరం రాసిచ్చారు. కొన్నాళ్లు ఒంటరిగా ఉండకూడదన్నారు, ఆ మాట మాత్రం నా వైపు చూసి. ఇంట్లో ఎవరికి తెలుసని అడిగారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

టెలిఫోన్ బూత్

బుధవారం నా ఏడో రోజు. ఆ రాత్రి రైలుకు టిక్కెట్టు ఉంది. పొద్దున బస్టాండు పక్క సందులో టిక్కెట్టు రద్దు చేసుకోవడం గురించి ఆలోచిస్తూ నడిచాను, సుధాకర్ నాతో వచ్చాడు. నేను రమ్మనలేదు. మేం ఎంత దూరం నడిచామో నాకు తెలియదు.

సునందకు నిజం చెబుతానని మాటిచ్చాను కదా, ఈ రోజు ఆమెకు ఫోన్ చెయ్యాలని వాడితో అన్నాను. ఏం చెబుతావన్నాడు. రైల్లో వచ్చేటప్పుడైతే నాకు ఆ జవాబు సులభంగానే ఉండేది: కారణాలు, వరసగా, అంకెలు వేసి. ఇప్పుడు నాకు తెలిసింది డాక్టరుగారు చెప్పినంతే, వాడు చెప్పినంతే. అందులో రెండోది చెప్పే హక్కు నాకు లేదనిపించింది. అదే అన్నాను.

వాడు బూత్‌లోకి పోయి తాడిపత్రి స్కూలు నంబరు తిప్పాడు. ఆమెను పిలిపించడానికి కొంచెం సేపు పట్టింది. నేను బయట నిలబడ్డాను, తలుపు సరిగా పడదు గనుక మాటలు వినబడ్డాయి.

"సునందా, నేను. ఏం లేదు... ఉండు, ఏం లేదనకూడదు. నాకు బాగలేదు. డాక్టరు దగ్గరికి పోయినా. మనసుకు." చాలాసేపు విన్నాడు. "లేదు, శీను చెప్పమనలేదు. నేనే చెప్తాండా." మళ్లీ విన్నాడు. నుదురు అద్దానికి ఆనించాడు. "రావద్దని రాసినా గదా. అది జబ్బు రాసింది. నువ్వు రా."

నేను సెలవు ఇంకో నాలుగు రోజులు పొడిగించమని మా ఫ్యాక్టరీకి టెలిగ్రాం ఇచ్చాను. శనివారం పొద్దున ఆమె రైలు దిగింది. ఆదివారం నేను రైలెక్కాను.

ఇది రాసేనాటికి మూడు నెలలు దాటింది. సుధాకర్‌కు పగటి పని ఇచ్చారు, కానీ జట్టు మార్చి, చిన్న పనికి. అది వాణ్ణి బాధపెడుతోందట. మాత్రలు వేసుకుంటున్నాడు. మొదట్లో నోరు ఎండిపోయి మానేస్తానన్నాడు, డాక్టరుగారు మోతాదు మార్చారు. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు మంచం దిగడు. దిగని రోజున, స్కూలుకు సెలవు పెట్టి అక్కడే ఉన్న సునంద పేపరు చదువుకుంటూ వాడి పక్కనే కూర్చుంటుంది. బాగున్న రోజున ఇద్దరూ సాయంత్రం బయటికి పోతారు. ఎంత దూరమని ఆమె రాయలేదు, నేనూ అడగలేదు.